మీరు చూడలేని వీడియోలకు మీరిచ్చిన పైసలు

అందరికీ నమస్తే. పోయిన దసరాకు మిమ్మల్ని ఒకటి అడిగాను, గుర్తుందా? అమెరికాలోని అరిజోనాలో, నవహో అనే ఆదివాసుల సొంత నేల నవహో నేషన్‌లో, చిన్లే ఊరి దగ్గర నేను సైన్సు చెప్పే బడి పిల్లలు పదకొండు మంది వాళ్ల అవ్వలు, తాతలు చెప్పే సంగతులు వీడియో తీసుకుంటామంటున్నారు, తలా ఒక చెయ్యి వేయండని. 6,000 డాలర్లు అడిగితే 7,340 పంపారు. ఫీనిక్స్ కుటుంబాలు, మహబూబ్‌నగర్‌లో నాతో పదో తరగతి చదివినవాళ్లు, నేనెన్నడూ చూడనివాళ్లు కూడా ఉన్నారు. ఒక తమ్ముడు ఐదొందల రూపాయలు పంపి "ఈ నెలకు ఇంతే అక్కా" అని రాశాడు. తమ్ముడూ, నీ మెసేజ్ ఇంకా తీసేయలేదు.

ముందు లెక్క. రెండు కెమెరాలు, నాలుగు కాలర్ మైకులు, బ్యాటరీలు, హార్డ్ డిస్కులు కొన్నాం. అన్నిటికన్నా ఎక్కువ పెట్రోలుకే పోయింది. ఈ నేల సుమారు 70,000 చదరపు కిలోమీటర్లు, మన తెలంగాణలో సగం కన్నా ఎక్కువ. ఇళ్లు విడివిడిగా, మట్టి బాటల చివర ఉంటాయి. కొన్నింట్లో కరెంటు లేదు, బ్యాటరీలు కారులోనే చార్జి చేసుకున్నాం. పెద్దవాళ్ల ఇంటికి వట్టి చేతులతో పోకూడదు కాబట్టి ప్రతిసారీ బ్లూ బర్డ్ గోధుమ పిండి మూట, కాఫీ పొడి, పొయ్యిలోకి కట్టెలు, గొర్రెలకు గడ్డి పట్టుకెళ్లాం. అవీ మీ పైసలే. 612 డాలర్లు మిగిలాయి, వచ్చే చలికాలానికి దాచాను.

అక్టోబరులో మొదటిసారి తీసిన దాంట్లో గాలి హోరు తప్ప ఒక్క మాట వినపడలేదు. అది తెలిసి ఫీనిక్స్ నుంచి ఒక అన్న ఐదు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు. మైకుకు బొచ్చు తొడుగు ఎలా వేయాలో, మనిషికి ఎంత దగ్గర పెట్టాలో రెండు రోజులు కూర్చుని నేర్పాడు. అమెరికాలో చాలాచోట్ల వసంతంలో గడియారం గంట ముందుకు జరిపి, నవంబరులో వెనక్కి తిప్పుతారు. అరిజోనా అలా మార్చుకోదు, నవహో నేషన్ మార్చుకుంటుంది. ఆ తేడా తెలియక గంట ఆలస్యంగా చేరాడు. అప్పటిదాకా ఆ ఇంటి అవ్వ మటన్ పులుసు పొయ్యి మీది నుంచి దించలేదు. అన్నా, నీ రుణం పెద్దది.

ఇక "లింకు ఎప్పుడు పెడతారు" అని చాలామంది అడిగారు. పెట్టను. ముందే సరిగా చెప్పి ఉండాల్సింది, మన్నించండి. ఈ వీడియోలు ఆ కుటుంబాలవి. ఒక కాపీ ఇంట్లో, ఇంకొకటి వాళ్లు నమ్మిన బంధువుల దగ్గర ఉంటాయి. పూజల్లోకి, వైద్యపు పాటల్లోకి కెమెరా పోలేదు. కయోటీ కథలు, అంటే మన నక్క కథల్లాంటివి, మొదటి మంచు పడ్డాకే చెప్పాలి, మొదటి ఉరుము వినపడగానే ఆపేయాలి. పిల్లలు కెమెరా పట్టుకుని వెళ్తే ఒక తాత "పాములింకా తిరుగుతున్నాయి" అని, అంటే చలికాలం ఇంకా రాలేదని చెప్పి, గొర్రెల దగ్గరికి వెళ్లిపోయాడు. నవంబరు దాకా ఆగాం. మార్చిలో ఒక సాయంత్రం ఉరిమింది, కథ నడిమధ్యలో కెమెరా కట్టేశాం. మిగతా సగం వచ్చే చలికాలమే.

ఇంకో సంగతి రాయడం కష్టంగా ఉంది. దినే వాళ్లు (నవహోలు తమను తాము అలాగే పిలుచుకుంటారు) పోయినవాళ్ల పేరు తేలిగ్గా పలకరు. అందుకే ప్రతి ఇంట్లో ముందే అడిగి రాసుకున్నాం: పెద్దమనిషి దాటిపోతే ఈ వీడియో ఎన్నాళ్లు మూసి ఉంచాలి, ఎవరు తెరవాలి అని. ఫిబ్రవరిలో ఒక తాత వెళ్లిపోయారు. మనవడు ఆ డిస్కును గుడ్డలో చుట్టి వాళ్లమ్మ చేతికిచ్చాడు. ఆ పిల్లవాడి తొందర నాకు తెలుసు. 2020 మేలో ఇక్కడ కరోనా కేసులు జనాభా లెక్కన న్యూయార్క్‌ను కూడా దాటాయి. ఆ ఏడు అతని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు పోయారు, వాళ్ల గొంతు ఒక్క ఫోనులోనూ మిగల్లేదు. ఈసారి గొంతు ఉంది. వినే రోజు ఎప్పుడో వాళ్లే చూసుకుంటారు. చూడలేమని తెలిశాక కూడా మీలో ఒక్కరూ పైసలు వెనక్కి అడగలేదు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

ఒక అవ్వ మాత్రం, మీకు చెప్పమని తానే ఒక సంగతి ఇచ్చింది. 1930ల్లో నేల అరిగిపోతోందని ప్రభుత్వం వీళ్ల గొర్రెల్ని, మేకల్ని బలవంతంగా తగ్గించింది. కొన్నిచోట్ల కళ్ల ముందే కాల్చి పడేశారు. అవ్వ వాళ్లమ్మ అప్పుడు చిన్నపిల్ల. చనిపోయేదాకా మంద లెక్కపెట్టి గానీ పడుకునేది కాదట. అది విన్నాక మా తాత గొంగడి తీసుకెళ్లి అవ్వకు చూపించాను. మా తాత కురుమ, నల్లగొర్రెల మంద కాసేవాడు. అవ్వ మగ్గం దగ్గర కూర్చునే దాన్ని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, రంగు వేయని ఉన్ని అని చెప్పేసింది. తర్వాత భుజాన కప్పుకుని వీడియో అయ్యేదాకా ఇవ్వలేదు.

ఇక్కడ మనిషి తనను తాను నాలుగు వంశాలతో చెప్పుకుంటాడు. మొదట అమ్మది, తర్వాత నాన్నది, ఆ పైన అమ్మ తండ్రిది, నాన్న తండ్రిది. మన గోత్రం నాన్న వైపు నుంచి వస్తుంది, వీళ్ల బిడ్డ అమ్మ వంశంవాడు. మనవడు మూడో దగ్గర తడబడితే అవ్వ కెమెరా ఆపించి, నాలుగూ తప్పులేకుండా వచ్చేదాకా మళ్లీ పెట్టనివ్వలేదు. మొదటి రోజంతా దానికే సరిపోయింది.

పోయిన వారం అదే అవ్వ నన్ను అడిగింది, పైసలు పంపినవాళ్లు ఎవరి బిడ్డలని. నా ఫోనులో లిస్టు తీసి ఇంటిపేర్లతో సహా మీ అందరి పేర్లూ చదివాను. పేరు రాయొద్దన్న తొమ్మిది మంది ఉన్నారంటే, వాళ్లనూ లెక్కలో చెప్పమంది. 143 మందీ అయ్యేసరికి పొయ్యిలో రెండుసార్లు కట్టె వేయాల్సి వచ్చింది. అంతా విని "అహేహే" అంది. వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పే మాట అది. మీకు చేర్చమంది, చేరుస్తున్నాను.