వదిలి వచ్చినా వదలని కెనడా పన్ను

సంపాదకులకు నమస్కారం.

కెనడా నుంచి తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగాల్లో చేరిన కుటుంబాలు మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగున్నాయి. అందులో మాదొకటి. పదకొండేళ్లు మిస్సిసాగాలో ఉండి వచ్చాం. మేము పడిన ఇబ్బంది మరొకరు పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ టీఎఫ్‌ఎస్‌ఏ (రాబడిపై పన్ను పడని పొదుపు ఖాతా) లోకి నెలనెలా 500 డాలర్లు దానంతటదే జమయ్యే ఏర్పాటు ఉండేది. సామాను సర్దుకునే హడావుడిలో దాన్ని ఆపడం మరిచాం. నాన్ రెసిడెంట్ (పన్ను లెక్కల్లో కెనడా నివాసి కానివారు) అయ్యాక ఆ ఖాతాలో వేసిన సొమ్ముపై, అది అందులో ఉన్నన్ని నెలలూ నెలకు 1 శాతం పన్ను పడుతుంది. మొదటి నెల 5 డాలర్లు, రెండో నెల 10, మూడో నెల 15... పద్నాలుగు నెలలకు 525 డాలర్లు తేలింది. చిరునామా హైదరాబాద్‌కు మార్చమని బ్యాంకుకు మేమే రాశాం. వెంటనే మార్చారు. జమ ఆపాలా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ స్థలంతో తగిలింది. కెనడాలో ఉండగా షాద్‌నగర్ దగ్గర 200 గజాలు కొన్నాం. దేశం వదిలిన రోజున దాన్ని మార్కెట్ ధరకు అమ్మేసినట్టే లెక్కగట్టి లాభంపై పన్ను వేస్తారు. మేము అమ్మనూ లేదు, చేతికి రూపాయి రానూ లేదు. కెనడాలోని ఇల్లు, ఆర్‌ఆర్‌ఎస్‌పీ (అక్కడి రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఈ లెక్కలోకి రావు. ఇక్కడి స్థలం, మామూలు ఖాతాలోని షేర్లు వస్తాయి. గత పదేళ్లలో 60 నెలలకు మించి కెనడా రెసిడెంట్‌గా లేనివారికి, కెనడాకు వెళ్లేనాటికే ఉన్న ఆస్తిపైనా, తర్వాత వారసత్వంగా వచ్చినదానిపైనా మినహాయింపు ఉంది. మిగిలినవారు నిజంగా అమ్మేదాకా పన్ను వాయిదా వేయమని కోరవచ్చు. వడ్డీ పడదు. మరుసటి ఏడాది ఏప్రిల్ 30లోగా అడగాలి, పన్ను పెద్దదైతే హామీ చూపాలి.

భార్యాపిల్లలను బ్రాంప్టన్‌లో ఉంచి దుబాయ్‌లో పనిచేసే మనవాళ్లకు చిక్కు ఇంకో రకం. దుబాయ్‌లో జీతంపై పన్ను లేదు కాబట్టి నిశ్చింతగా ఉంటారు. పన్ను విషయంలో కెనడా ప్రభుత్వం పాస్‌పోర్టు చూడదు. ఇల్లు, భార్య లేదా భర్త, పోషించాల్సిన పిల్లలు ఎక్కడున్నారో చూస్తుంది. వారంతా కెనడాలోనే ఉంటే సాధారణంగా ఆయనా కెనడా రెసిడెంటే. దుబాయ్ జీతమంతా రిటర్నులో చూపాల్సిందే.

విదేశీ చిరునామా నమోదైన రోజే టీఎఫ్‌ఎస్‌ఏ జమలు నిలిపి, ఖాతాదారును అడిగి తీరాలని కెనడా ప్రభుత్వం బ్యాంకులకు నిబంధన పెట్టాలి. అక్కడి తెలుగు సంఘాలు సంక్రాంతికి, ఉగాదికి వందల మందిని ఒకచోట చేరుస్తాయి. ఆ సభల్లో తిరుగుప్రయాణం కట్టేవారి కోసం ఒక గంట కేటాయించి, పన్నులు తెలిసినవారితో మాట్లాడించాలి. మీ పత్రిక కూడా ఇలాంటివారి సందేహాలకు కొంత చోటివ్వాలని కోరుతున్నాను.

మా ఆడపడుచు కుటుంబం ఈ వేసవిలో కాల్గరీ నుంచి వచ్చేస్తోంది. టికెట్లు కొనకముందే వాళ్ల నెలవారీ జమ ఆపించాను. తుక్కుగూడలో వాళ్లకున్న స్థలానికి, బయల్దేరే తేదీనాటి ధరను వాల్యూయర్‌తో రాయించి పెట్టుకోమన్నాను.

– ఒక పాఠకురాలు, కొండాపూర్, హైదరాబాద్