కొకైన్ మానేవారికి పడక కాదు, పది వారాల తోడు కావాలి: ఆరోగ్య శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో కొకైన్ పట్టుబడిన ప్రతిసారీ ఎన్ని గ్రాములు దొరికాయో, దాని విలువెంతో, పెడ్లర్లు ఎందరో, కన్జ్యూమర్లు ఎందరో పోలీసులు పత్రికలకు చెబుతారు. ఆ కన్జ్యూమర్లు తర్వాత ఏమయ్యారో చెప్పవలసింది మీ శాఖ. మత్తుకు అలవాటుపడినవారి కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలర్‌గా ఈ లేఖలో మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. కొకైన్ మానాలనుకున్న మనిషిని మానకముందే అందుకు సిద్ధం చేసి, మానిన తర్వాత కనీసం పది వారాలు వదలకుండా చూసుకునే ఏర్పాటు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేయండి.

మన డీ-అడిక్షన్ వ్యవస్థ ప్రధానంగా మద్యం చుట్టూ పెరిగింది. మద్యం హఠాత్తుగా ఆపితే వణుకు, ఫిట్స్, మతిభ్రమ వంటి ప్రాణాపాయ లక్షణాలు మొదటి రోజుల్లోనే వస్తాయి కనుక, వారం పది రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపడం అక్కడ సబబే. కొకైన్ దారి వేరు. ఆపిన మొదటి రోజుల్లో మనిషి నీరసించి గంటల తరబడి నిద్రపోతాడు, లేచాక ఆవురావురుమంటూ తింటాడు. ఇంట్లోవాళ్లు ‘హాయిగా తింటున్నాడు, పడుకుంటున్నాడు, దారిలో పడ్డాడు’ అని ఊపిరి పీల్చుకుంటారు. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. కొన్నాళ్లపాటు, ఆనందాన్ని కలిగించే రసాయనం డోపమైన్‌ను కృత్రిమంగా ఉప్పొంగించుకున్న మెదడుకు తిండి, సినిమా, స్నేహితులు, చివరికి కన్నబిడ్డ నవ్వు కూడా రుచించవు. చిరాకు, దిగులు, పీడకలలు వెంటాడుతుంటే శనివారం రాత్రి వచ్చే ఒక ఫోన్‌కాల్ చాలు, కోరిక మళ్లీ రగలడానికి. కొందరికి ఈ దశలో చనిపోవాలన్న ఆలోచనలు కూడా వస్తాయి కనుక, శరీరానికి పెద్ద ప్రమాదం లేదని డాక్టరు చెప్పినంత మాత్రాన మనిషిని ఒంటరిగా వదలకూడదు.

ఈ దశ ఒకటి నుంచి పది వారాల వరకు సాగవచ్చని 1986లోనే గావిన్, క్లెబర్ అనే అమెరికా మనోవైద్యులు ఇళ్ల దగ్గర ఉండి చికిత్స పొందినవారిని గమనించి రాశారు. ఆ తర్వాత ఆసుపత్రుల్లో చేర్చుకున్నవారిని పరిశీలించినప్పుడు మాత్రం లక్షణాలు తీవ్రం కాకుండా క్రమంగా తగ్గడం కనిపించింది. ఆసుపత్రిలో పాత స్నేహితులు లేరు, పార్టీలు లేవు. అందుకే అక్కడ కోరిక పుట్టకపోవడాన్ని నయం కావడంగా లెక్కగట్టి డిశ్చార్జ్ చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

సిద్ధం చేయడమంటే పెద్ద ఖర్చేమీ కాదు. ఆపే రోజును ముందే నిర్ణయించుకోవడం, పెడ్లర్ నంబరు తెలిసిన ఫోన్ మార్చడం, జీతం డబ్బు కొన్నాళ్లు నమ్మకస్తుల చేతికివ్వడం, గుండెనొప్పి వచ్చిన చరిత్ర ఉంటే ఈసీజీ తీయించడం, కుంగుబాటు ముందునుంచే ఉందేమో అడిగి తెలుసుకోవడం. మద్యం సంగతి తప్పక అడగాలి. రెండూ కలిసినప్పుడు కాలేయంలో కోకాఇథిలీన్ అనే మరో విషపదార్థం తయారై గుండెకు చేటు చేస్తుంది. పైగా రోజూ తాగేవారు రెండింటినీ డాక్టరు పర్యవేక్షణ లేకుండా ఒకేసారి ఆపకూడదు. ఇంటివారికి కూడా చెప్పవలసినవి ఉన్నాయి: నిద్రపోనివ్వండి, వేళకు తిండి పెట్టండి, జేబులు తడమకండి, ప్రాణం మీదికి తెచ్చుకునే మాటలు వినబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి, లేదా మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

కొకైన్ వ్యసనాన్ని మాన్పించే మందంటూ ఆమోదం పొందినది ఇప్పటికీ ఏదీ లేదు. మందుతో మానిపిస్తామనే ప్రైవేటు కేంద్రాలకు లక్షలు ధారపోసే కుటుంబాలకు ఈ ఒక్క వాక్యం తెలిస్తే చాలు. అన్నిటికన్నా బలమైన ఆధారం ఉన్న పద్ధతి చవకైనదే: వారానికి రెండు మూడుసార్లు మూత్రపరీక్ష చేసి, శుభ్రంగా వచ్చినప్పుడల్లా చిన్న బహుమతి ఇవ్వడం, దానికి తోడు ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే కౌన్సెలింగ్.

ఇంతకీ జనం ఆసుపత్రికి ఎందుకు రారు? భయం వల్ల. ‘పేరు చెబితే పోలీసులకు తెలుస్తుందా?’ అన్నది నేను తరచుగా వినే తొలి ప్రశ్న. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడినందుకు గానీ స్వల్ప పరిమాణం ఉన్నందుకు గానీ అభియోగం ఎదుర్కొంటున్న వ్యసనపరులు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స పొందితే వారిపై విచారణ ఉండదు. చికిత్స మధ్యలో ఆపేస్తే ఆ రక్షణ పోవచ్చు. కొకైన్‌కు ఆ స్వల్ప పరిమాణం 2 గ్రాములు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. ఈ రెండు సంగతులను తేలిక తెలుగులో రాసి ప్రతి ఓపీ గోడ మీద అంటించండి.

2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో కొకైన్ వాడేవారు సుమారు 0.1 శాతమే. తక్కువే కదా అని మీ అధికారులు అనవచ్చు. తక్కువ కనుకనే కొత్త భవనాలు అక్కర్లేదు. అయితే ఈ ఏర్పాటును ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో మాత్రమే పెట్టకండి. ఆ పేరు నగరంలో ఇప్పటికీ తిట్టుగా వాడుతున్నారు, ఉద్యోగాలు చేసుకునే యువత ఆ గేటు దాటడానికి జంకుతుంది. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల మనోవైద్య విభాగాల్లో వారానికి రెండు సాయంత్రాలు ఓపీ, ఒక సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కరు, మూత్రపరీక్ష కిట్లు, పది వారాలపాటు ఫోన్ చేసి పలకరించే బాధ్యత ఎవరిదో తేల్చి చెప్పే ఉత్తర్వు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయ,
హైదరాబాద్ నుంచి ఒక వ్యసన విముక్తి కౌన్సెలర్