అడగకుండా వీడియో తీస్తే ఎవరికి చెప్పుకోవాలి?

సంపాదకులకు,

బస్సులో ఎవరైనా నోరు తెరుచుకుని నిద్రపోతుంటే చాలు, పక్కవాడు ఫోన్ తీసి, వెనకాల ఓ పాట తగిలించి రీల్ పెట్టేస్తాడు, సాయంత్రానికల్లా అది ఆ మనిషి చుట్టాల గ్రూపుల్లో కూడా తిరుగుతుంటుంది. ప్రాంక్ పేరుతో ముసలివాళ్లను హడలగొట్టేవాళ్లయితే మరీను. ఇదేంటని అడిగితే 'పబ్లిక్ ప్లేసే కదా' అంటారు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు, బాగానే ఉంది. కానీ ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ఒంటి మీద దాచుకునే భాగాలను తీస్తేనే వర్తిస్తుంది. ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం, అదే భారతీయ న్యాయ సంహిత, 77వ సెక్షన్ ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లను చాటుగా చూసినా, తీసినా శిక్ష వేస్తుంది. బస్సులో కునుకు తీసినవాడికి ఈ రెండూ పనికిరావు. పోనీ 2023 డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందా అంటే, ఇతరుల వివరాలను సొంత అవసరానికి వాడుకునే వ్యక్తులకు అందులో మినహాయింపు ఉంది. వ్యూస్‌తో డబ్బులొచ్చే ఛానెల్ సొంత అవసరం ఎలా అవుతుంది? ముందు అది తేల్చాలి.

లంచం తీసుకునేవాణ్ని తీయొద్దని నేననను, అది వేరే సంగతి. మామూలు మనిషి తీసేయమంటే ఒక్క రోజులో వీడియో పోవాలి, లేదంటే పెట్టినవాడికి జరిమానా పడాలి, అలాంటి రూల్ కావాలి. ఇప్పుడైతే రిపోర్ట్ బటన్ నొక్కుతూ కూర్చోవడమే.

— ఒక పాఠకురాలు