గోడపత్రికల సేకరణ: 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయ సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

తెనాలి పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ జరిగిన నాటకాలు, సంగీత కచేరీలు, అవధానాలు, బుర్రకథల తాలూకు గోడపత్రికలను సేకరించి భద్రపరచాలని గత సర్వసభ్య సమావేశం చేసిన తీర్మానాన్ని ఈ ఏడాది అమలులో పెట్టాం. పఠన మందిరం నిర్వహణ, వేసవిలో పిల్లలకు పద్య పఠన తరగతులు ఎప్పటిలాగే సాగాయి గనుక వాటిని ఇక్కడ విస్తరించడం లేదు.

తెనాలి నాటక ప్రాభవం గురించి సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీరామవిలాస సభ అనే నాటక సమాజంలో సత్యభామగా, చిత్రాంగిగా స్త్రీ వేషాలు ధరించి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు గారి వంటి మహానటుల గురించి వ్యాసాలున్నాయి, పుస్తకాలున్నాయి. రాత్రంతా వారి పద్యాలకు శ్రుతి పట్టిన హార్మోనిస్టు, తబలా కళాకారుడు, మేకప్ చేసినవారు, తెరలు కట్టినవారు ఎవరో ఆ పుస్తకాలు చాలావరకు చెప్పవు. ఆ పేర్లు గోడపత్రిక అడుగున, చిన్న అక్షరాల్లో దొరుకుతాయి. అందుకే పట్టిక తయారుచేసేటప్పుడు పత్రికను కింది నుంచి పైకి చదవాలని కార్యవర్గం నిర్ణయించింది. పైన చెక్క అచ్చులతో వేసిన పెద్ద పేర్లకు ఎలాగూ లోటు రాదు.

సేకరణలో అధిక భాగం పౌరాణిక నాటకాలదే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని పద్యాలే ప్రాణంగా నడిచే రాయబారం పత్రికల్లో ‘1వ కృష్ణుడు’, ‘2వ కృష్ణుడు’ అని వేర్వేరు పేర్లు కనిపిస్తాయి. పడక సీనుకు ఒకరు, రాయబారం సీనుకు మరొకరు. ఏ సీనుకు ఏ గొంతు కావాలో ప్రేక్షకులకు తెలుసు, నటులను కుదిర్చి నాటకం ఆడించే కాంట్రాక్టరుకు అంతకంటె బాగా తెలుసు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర నాటకానికీ ఇదే పద్ధతి, కాటి సీనుకు ప్రత్యేకంగా మరో హరిశ్చంద్రుడు. నటీనటుల పేరుకు ముందు ఊరి పేరు వేయడం ఆనవాయితీ కాబట్టి, ఎవరు ఎక్కడి నుంచి ఏ ఊరికి వచ్చి ఆడారో ఈ పత్రికలను వరుసగా పెట్టి చూస్తే బోధపడుతుంది.

అష్టావధానం పత్రికలు సంఖ్యలో తక్కువే అయినా విలువలో తక్కువ కావు. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన, ఆశువు, అప్రస్తుత ప్రసంగం వంటి ఒక్కొక్క అంశానికి ఎదురుగా పృచ్ఛకుని, అంటే అవధానిని ప్రశ్న అడిగేవారి పేరు అచ్చు వేస్తారు. వారిలో ఎక్కువమంది స్థానిక పాఠశాలల తెలుగు పండితులు. సభలో ఆశువుగా వచ్చిన పద్యాలను రాసిపెట్టుకున్నవారు అరుదు కాబట్టి, ఆ సాయంత్రం ఈ ఊళ్లో కవిత్వం జరిగిందనడానికి చాలా సందర్భాల్లో ఈ కాగితమే ఆధారం.

పని అంతటిలోనూ మమ్మల్ని ఎక్కువగా శ్రమపెట్టినది కాల నిర్ణయం. తేదీ ఉంటుంది, వారం ఉంటుంది, ‘రాత్రి 9 గంటలకు’ అనీ ఉంటుంది, సంవత్సరం మాత్రం ఉండదు. వారం రోజుల్లో చిరిగిపోయే కాగితానికి సంవత్సరం ఎందుకని అప్పటివారు అనుకుని ఉంటారు. ఒకే తేదీ, ఒకే వారం కలిసిన జత సాధారణంగా 5, 6 లేదా 11 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి ఆ రెండింటితోనే ఏడాదిని తేల్చలేం. శ్రీరామనవమి పందిళ్లలో జరిగే ప్రదర్శనల పత్రికల్లో తిథి కూడా ఇస్తారు. అదే తేదీకి అదే తిథి మళ్లీ కలవడానికి దాదాపు 19 ఏళ్లు పడుతుంది, అప్పటికి వారం మారిపోతుంది. ఈ మూడింటినీ పాత పంచాంగాలతో సరిచూస్తే చాలావరకు ఒక్క సంవత్సరమే మిగులుతుంది. తిథి లేనిచోట ప్రెస్సు పేరు ఆదుకుంది. అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుని పేరు, ముద్రించిన ఊరు ఉండాలన్న 1867 నాటి చట్టం పుణ్యమా అని పత్రిక అడుగున ఆ ఒక్క పంక్తి తరచుగా దొరుకుతుంది. ఆ ప్రెస్సు ఏ ఏళ్లలో నడిచిందో పెద్దలను అడిగి తెలుసుకున్నాం. అప్పటికీ తేలని వాటికి అంచనా వేయక, సంవత్సరం గడిని ఖాళీగానే ఉంచాం.

మూతబడిన ఒక హాలు గోడ నుంచి, యజమాని లిఖితపూర్వక అనుమతితో, అట్టలా పేరుకున్న పొరలను ఊడదీశాం. మైదా పిండి ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి అంటించిన కాగితాలు గోరువెచ్చని నీళ్లలో నానబెడితే ఒక్కొక్కటిగా విడివడతాయి, తొందరపడితే చినుగుతాయి. వాటిని అద్దుడు కాగితాల మధ్య నీడన ఆరబెట్టాం. లామినేషన్ చేయిద్దామన్న సూచనను కార్యవర్గం అంగీకరించలేదు. ఒకసారి వేడి ప్లాస్టిక్ అతికాక కాగితాన్ని మళ్లీ విడదీయడం అసాధ్యం.

సినిమా పోస్టర్లను సేకరణలో చేర్చలేదు. 1967లో బాపు గారి ‘సాక్షి’తో ప్రచార చిత్రకళలో అడుగుపెట్టిన పాలకొల్లు వాస్తవ్యులు ఈశ్వర్ గారి వంటి వారి పనిని దాచుకునేవారు రాష్ట్రమంతటా ఉన్నారు. మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయి వచ్చిన పోస్టరులో మన ఊరి చెయ్యి ఉండదు. అయితే హాళ్ల ముందు కట్టిన బ్యానర్లు రాసినవారు మనవారే, నాటకాలకు తెరలు రాసిన చేతులే చాలాచోట్ల వాటినీ రాశాయి. ఫ్లెక్సీ వచ్చాక ఆ పని ఆగిపోయింది. అటువంటి చిత్రకారుల జ్ఞాపకాలను రికార్డు చేయడం మొదలైంది గానీ, సాగవలసినంత సాగలేదని అంగీకరించాలి.

ఉగాది ప్రదర్శన సందర్భంగా కార్యవర్గంలో ఒక విషయం మీద తీవ్రమైన చర్చ జరిగింది. ‘చింతామణి’ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్ర చిత్రణ తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల విజ్ఞప్తి మీద 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం దాని ప్రదర్శనలను నిషేధించింది. ఆ నాటకం పత్రికలను గోడకు పెట్టవచ్చా అన్నది ప్రశ్న. నిషేధం ప్రదర్శనకే గాని పాత కాగితానికి వర్తించదనీ, వాటిని దాచేస్తే అందులోని వాద్యకారుల పేర్లూ మరుగున పడతాయనీ మెజారిటీ అభిప్రాయపడగా, అభ్యంతరానికి కారణాన్ని వివరించే పలకతో సహా వాటిని ఉంచాం. విభేదించిన సభ్యుల అభిప్రాయం మినిట్స్ పుస్తకంలో నమోదైంది.

రాబోయే ఏడాది బుర్రకథ దళాల పత్రికలను, ముఖ్యంగా కథకునికి వంత పాడే వంతల పేర్లున్న వాటిని సేకరించాలని ప్రతిపాదిస్తున్నాం. అసలు ప్రతిని ఇవ్వడానికి ఇష్టపడని కుటుంబాల నుంచి నకలు మాత్రమే తీసుకుని, వారి కాగితాన్ని అదే రోజు తిరిగి అప్పగిస్తాం. రెండేసి ప్రతులున్న వాటిని అమ్మి నిధులు కూర్చాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది. అమ్మకూడదన్నది కార్యవర్గం సిఫారసు. ఆడిటరు ధ్రువీకరించిన ఆదాయ వ్యయ పట్టిక ఈ నివేదికతో జతచేశాం. సభ్యత్వ రుసుములో మార్పు లేదు.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున