మా రేసింగ్ ట్రాక్‌ను మూడు వారాలు ఎందుకు మూసి ఉంచామంటే

బరంపురంలో మా ఇంటి మేడ మీద నడుస్తున్న స్లాట్ కార్ల (ట్రాక్‌లోని గాడి వెంట కరెంటుతో పరుగెత్తే చిన్న బొమ్మ కార్ల) రేసింగ్ గదికి వచ్చే పెద్దలకూ పిల్లలకూ నమస్కారం. దసరా వెళ్ళిన వారం నుంచి మూడు వారాల పాటు ట్రాక్‌ను మూసి ఉంచాం. తలుపు మీద ‘మరమ్మతుల కోసం’ అని తెలుగులోనూ ఒడియాలోనూ కాగితం అంటించాను కానీ, అసలు సంగతి అందులో రాయలేదు. ఆగస్టు మొదలుకొని దసరా దాకా మేము నిర్వహించిన ఆదివారం పోటీలలో ల్యాపుల (ట్రాక్ చుట్టూ తిరిగిన చుట్ల) లెక్క చాలాసార్లు తప్పింది. లోపం మా ఏర్పాటులో ఉండగా, నేను దానిని కారు నడిపినవారి మీద వేశాను. ఆ లోపం ఎక్కడుందో, ఎలా దొరికిందో, ఇప్పుడు ఏమి మార్చామో, మీకు ఏమి తిరిగి ఇవ్వబోతున్నామో వివరంగా చెప్పవలసిన బాధ్యత నాది.

మా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన చిన్నతనంలో పాత పద్ధతి స్లాట్ కార్లతో ఆడుకున్నారు. ‘ఆ రోజుల్లో ఇన్ని ఇబ్బందులు లేవు కదండీ, ఒక గాడిలో ఒక కారు, అంతే’ అని ఆయన అన్న మాట నిజమే. 1957లో బ్రిటన్‌లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో మొదలైన ఆ పద్ధతిలో చేతిలోని కంట్రోలర్ నొక్కిన కొద్దీ ఆ గాడికి వెళ్ళే కరెంటు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అదే పేరుతో 2004లో డిజిటల్ పద్ధతి వచ్చింది. డిజిటల్‌లో గాడికి ఇరువైపులా ఉండే లోహపు పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎవరి కారు ఎంత వేగంతో వెళ్ళాలో చెప్పే సంకేతాలు కూడా అవే పట్టాల మీదుగా వెళతాయి. ప్రతి కారులోనూ ఉండే చిన్న డీకోడర్ చిప్ తన నంబరుకు వచ్చిన ఆదేశాన్ని మాత్రమే తీసుకొని మోటారును తిప్పుతుంది. రెండు గాడులున్న మా ట్రాక్ మీద ఒకేసారి ఆరు కార్లు పరుగెత్తగలగడం, ముందు కారును దాటడానికి గాడి మారగలగడం అందువల్లనే సాధ్యమవుతున్నాయి. కారు అడుగున ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం ఉంటుంది. మన కంటికి కనిపించని ఆ వెలుతురును ట్రాక్‌లో అమర్చిన సెన్సర్ చూసి ‘నాలుగో నంబరు కారు ల్యాపు పూర్తి చేసింది’ అని లెక్క వేస్తుంది. గాడి మారే చోట ఉన్న సెన్సర్ కూడా ఇలాగే కారును గుర్తించి, దానిని పక్క గాడిలోకి మళ్ళించే లోపలి రెక్కను తిప్పుతుంది.

ఆగస్టులో మొదటిసారి ఒక అమ్మాయి ‘అన్నయ్యా, నేను పన్నెండు ల్యాపులు తిరిగాను, బోర్డు మీద పదకొండే ఉన్నాయి’ అని చెప్పింది. నేను లెక్క తప్పావేమో అన్నాను. ఆ తరువాత వారాల్లో అలాంటి మాట మరో నలుగురి నుంచి విన్నాను. సెన్సర్ మీద దుమ్ము తుడిచాను, కార్ల అడుగున దీపాలను దూదితో శుభ్రం చేశాను, రెండు కార్ల చిప్‌లు కూడా మార్చాను. ఉదయం పరీక్షించినప్పుడు ఒక్క ల్యాపు కూడా పోయేది కాదు. కాబట్టి ఏర్పాటు బాగానే ఉందని తేల్చుకున్నాను. ఉదయమే పరీక్షించి సాయంత్రం గురించి తీర్పు చెప్పడం నా పొరపాటు.

తప్పును పట్టించినది ఇచ్ఛాపురం నుంచి ప్రతి ఆదివారం రైలెక్కి వచ్చే పదో తరగతి అబ్బాయి. సెప్టెంబరు చివర్లో ఒక పోటీలో ఒక్క ల్యాపు తేడాతో అతను రెండో స్థానంలో నిలిచాడు. వాదించలేదు. తరువాతి రెండు ఆదివారాలూ తన లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో, ఏ కారు ఏ గాడిలో వెళుతుండగా ఎన్ని గంటలకు ల్యాపు పోయిందో పెన్సిల్‌తో రాసుకున్నాడు. ‘బాబాయ్, ఒకసారి ఇది చూడండి’ అని ఆ పేజీ నా చేతికి ఇచ్చాడు. పోయిన ల్యాపులన్నీ లోపలి గాడిలోవే. అన్నీ మూడున్నర, నాలుగున్నర మధ్యలోనే పోయాయి. ఆ రెండు ఆదివారాల్లో ఒకదాని కింద మాత్రం ఒక్క గీత కూడా లేదు. ఆ రోజు ఏమి జరిగిందా అని ఆలోచిస్తే గుర్తుకు వచ్చింది, ఆ రోజు ముసురు పట్టడంతో మా అమ్మ మేడ మీద అప్పడాలు ఎండబెట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం భోజనం చేసి గదిలో ఒంటరిగా కూర్చున్నాను. మూడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలకు పడమటి కిటికీలోంచి నాలుగు వేళ్ళ వెడల్పున ఎండ చార ఒకటి బల్ల అంచు మీదకు వచ్చింది. అది మెల్లగా జరుగుతూ కొన్ని నిమిషాలలో సరిగ్గా లోపలి గాడిలోని సెన్సర్ మీద నిలిచింది. సూర్యకాంతిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది. అంత వెలుతురు ఏటవాలుగా పడుతున్న సెన్సర్, కారు అడుగున మిణుకుమనే దీపాన్ని పోల్చుకోలేకపోయింది. పది సార్లు కారును తిప్పితే ఏడే నమోదయ్యాయి. కిటికీకి అడ్డంగా అట్టముక్క పట్టుకొని మళ్ళీ తిప్పితే పదికి పది వచ్చాయి. ఈ ఏడాదే ఎందుకు ఇలా అయిందన్నదానికి జవాబు కూడా ఆ కిటికీ బయటే ఉంది: వానలకు ముందు, కరెంటు తీగలకు తగులుతున్నాయని వేపచెట్టు కొమ్మలు మేమే కొట్టించాం. ఆగస్టులో మబ్బుల వల్ల అప్పుడప్పుడూ కనిపించిన లోపం, ఆకాశం తేటపడ్డాక ప్రతి సాయంత్రం కనిపించింది.

ఇప్పుడు ఆ కిటికీకి మందపాటి నల్లటి పరదా వేశాం, సెన్సర్ ఉన్న చోట ట్రాక్‌కు పైన వంతెనలాగా చిన్న కప్పు అమర్చాం. గాడి మారే రెండు చోట్లా కూడా ఇలాంటి కప్పులే పెట్టాం, ఎందుకంటే ‘బటన్ నొక్కినా కారు గాడి మారడం లేదు’ అన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి కారణం ఇదే ఎండ. మిగిలినవాటికి కారణం రెక్క కింద చేరిన దుమ్మూ, టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడీ. ఆ రెక్కలను విప్పి శుభ్రం చేశాం, ఇకపై ప్రతి శుక్రవారం చేస్తాం.

రెండో లోపం కరెంటుకు సంబంధించినది. మా ట్రాక్ పొడవు 21 మీటర్లు. పట్టాలకు కరెంటునూ సంకేతాలనూ పంపే పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్‌కు దూరంగా, గోడ పక్కన ఉన్న పెద్ద మలుపు దగ్గర కార్లు నీరసించిపోతున్నాయని, ఒక్కోసారి క్షణం పాటు ఆగి మళ్ళీ కదులుతున్నాయని మీరు చెబుతూనే ఉన్నారు. పట్టాలు ఉక్కువి, ముక్కలు ముక్కలుగా కలిపినవి. గోపాల్‌పూర్ సముద్రం మనకు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. వానాకాలంలో డబ్బా మూత తీసి ఉంచిన అప్పడం గంటలో మెత్తబడే గాలి మనది. ఆ తేమకు అతుకుల దగ్గర సన్నటి తుప్పు పొర ఏర్పడి, ప్రతి అతుకూ కరెంటును కొద్దికొద్దిగా మింగేస్తోంది. ఆరు కార్లూ నడుస్తుండగా మల్టీమీటరు పెట్టి చూస్తే యూనిట్ దగ్గరకూ ఆ మలుపుకూ మధ్య రెండున్నర వోల్టుల తేడా కనిపించింది. డిజిటల్ పట్టాల మీద సంకేతాలు కూడా ప్రవహిస్తాయి కనుక మీటరు చూపే అంకెను అక్షరాలా నమ్మకూడదు. కానీ రెండు చోట్ల మధ్య తేడా మాత్రం అబద్ధం చెప్పదు. వోల్టేజీ అంతగా పడిపోయినప్పుడు డీకోడర్ చిప్ ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. కారు ఆగి కదిలినట్టు కనిపించడానికి కారణం అదే.

ఈ మూడు వారాలలో ఎక్కువ సమయం దీనికే పట్టింది. ట్రాక్‌ను పూర్తిగా విప్పి, ప్రతి అతుకునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ట్రాక్ అడుగు నుంచి నాలుగు చోట్లకు మందపాటి రాగి జంపర్ వైర్లు లాగి సోల్డరింగ్ చేశాం. ఈ వైర్లు వేసేటప్పుడు ఏ పట్టాకు ఏ వైరన్నది ఒక్కచోట తారుమారైనా షార్ట్ అవుతుంది. అందుకే రెండు రంగుల వైర్లు వాడి, ప్రతి కలుపు తరువాతా మీటరుతో సరిచూసుకున్నాం. ఇప్పుడు అదే మలుపు దగ్గర తేడా అర వోల్టుకు లోపలే ఉంది.

మూడో విషయం రాయడం నాకు కష్టంగా ఉంది. జులైలో పట్టాల మీద తుప్పు కనిపించినప్పుడు, గిన్నెలు తోమే ఇనుప పీచుతో రుద్దాను. పట్టాలు అద్దంలా మెరిశాయి. కానీ ఆ పీచు నుంచి వెంట్రుక కన్నా సన్నటి ఇనుప పోగులు ట్రాక్ నిండా రాలాయి. స్లాట్ కారు అడుగున కారును ట్రాక్‌కు అంటిపెట్టి ఉంచే అయస్కాంతం ఉంటుంది, మోటారు లోపల కూడా అయస్కాంతాలుంటాయి. అవి ఆ పోగులన్నింటినీ లాగేసుకున్నాయి. మా కార్లలో రెండింటి మోటార్లు బిగుసుకుపోయాయి. అంతకన్నా ముఖ్యంగా, పర్లాకిమిడి నుంచి సొంత కారు తెచ్చుకునే ఒక అన్నగారి కారు మోటారు కాలిపోయింది. ‘మోటారు పాతబడింది’ అని ఆయనతో చెప్పాను. పోయిన వారం ఆ మోటారు అడిగి తీసుకొని విప్పి చూస్తే, లోపల ఇనుప పోగులు చిన్న ఉండలా చుట్టుకొని ఉన్నాయి. ఆయనకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, కొత్త మోటారూ చిప్పూ నా ఖర్చుతో తెప్పిస్తున్నాను. జులై తరువాత మా ట్రాక్ మీద సొంత కారు నడిపి, అది పాడైనవారు ఇంకెవరైనా ఉంటే దయచేసి తీసుకురండి, మీ ముందే విప్పి చూస్తాను.

మా దగ్గర సెట్టు కొని ఇంట్లో అమర్చుకున్నవారికి కూడా ఇదే మనవి: పట్టాలకు ఇనుప పీచు వద్దు. ఆల్కహాల్ తడిపిన నూలు గుడ్డతో తుడవండి, తుప్పు గట్టిగా ఉంటే పెన్సిల్ గీతలు చెరిపే గట్టి రబ్బరుతో రుద్దండి. కారు ముందు భాగంలో పట్టాలను తాకే రెండు రాగి అల్లికలుంటాయి. వాటి కొసలను వేళ్ళతో కొద్దిగా విప్పి చదునుగా ఉంచాలి, పోగులు ఊడిపోతుంటే మార్చేయాలి. ఊడిన ఒక్క పోగు రెండు పట్టాలకూ అడ్డంగా పడినా షార్ట్ అయి, పాత పద్ధతిలోలాగా ఒక్క గాడి కాకుండా, ఆరు కార్లూ ఒకేసారి ఆగిపోతాయి. అలా ఆగినప్పుడు యూనిట్ చెడిపోయిందని కంగారు పడకుండా ముందు కార్లన్నీ తీసేసి, ఒక్కొక్కటిగా తిరిగి పెట్టి చూడండి. కొత్త కారుకు నంబరు ఇచ్చేటప్పుడు ట్రాక్ మీద ఆ ఒక్క కారే ఉండాలి. లేకపోతే రెండు కార్లకు ఒకే నంబరు పడి, రెండూ ఒకే కంట్రోలర్ మాట వింటాయి. పాత పద్ధతి కారులో చిప్ వేయించుకోదలచినవారు మోటారుకు అంటించి ఉన్న చిన్న కెపాసిటర్‌ను ముందు తీసేయాలి, అది ఉంటే చిప్ దెబ్బతినవచ్చు. ఈ పని మేము ఉచితంగా చేసి ఇస్తాం.

ఎండాకాలంలో ప్లాస్టిక్ ట్రాక్ సాగుతుంది. మే నెలలో మా పొడవైన దారి మధ్యలో ఉబ్బడానికి కారణం దానిని ప్లైవుడ్‌కు స్క్రూలతో బిగించేయడమే. ఇప్పుడు స్క్రూలు తీసేసి, పక్కలకు కదిలే వీలుండేలా అమర్చాం. కరెంటు పోయినప్పుడు పోటీ లెక్కలు చెరిగిపోకుండా యూపీఎస్ కూడా పెట్టాం.

ఇక లెక్కలు. ఆగస్టు మొదటి ఆదివారం నుంచి దసరా ముందు ఆదివారం దాకా మధ్యాహ్నం జరిగిన పోటీల ఫలితాలన్నింటినీ రద్దు చేస్తున్నాను. ఆ పోటీలలో పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ప్రవేశ రుసుము తిరిగి ఇస్తాం. రసీదు లేకపోయినా ఫరవాలేదు, పేర్లు మా పుస్తకంలో ఉన్నాయి. గెలిచినవారు తమకిచ్చిన కప్పులు తిరిగి ఇవ్వనక్కరలేదు. వారు ఏ మోసమూ చేయలేదు. అరగంటకు 120 రూపాయల రుసుములో మార్పు లేదు, వైర్లకూ యూపీఎస్‌కూ అయిన ఖర్చు మీ మీద వేయను.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు గది తెరుస్తాం. ఆ రోజు ఆట ఉచితం. మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా మాత్రం ట్రాక్‌ను పరీక్షకు కేటాయించాం: పరదా తీసి ఒకసారి, వేసి ఒకసారి ఆరు కార్లనూ నడుపుతాం. బోర్డు లెక్క ఒకవైపు, చేతి లెక్క ఒకవైపు రాస్తాం. చేతి లెక్క రాయడానికి ఇచ్ఛాపురం అబ్బాయి ఒప్పుకున్నాడు. అతనితో పాటు కూర్చొని రాయడానికి ఇంకో ఇద్దరు కావాలి. వచ్చేవారు పెన్సిలూ నోటు పుస్తకమూ తెచ్చుకోండి.