ఐరన్ వేసినా రక్తం పట్టడం లేదా? జింక్ మాత్రలు చూసుకోండి

సంపాదకులకు,

కరోనా రోజుల్లో మొదలుపెట్టిన జింక్ మాత్రలను కొందరు నేటికీ ఆపలేదు. జుట్టు రాలుతోందనో, మొటిమలనో, ఇమ్యూనిటీకనో చీటీ లేకుండా కొనుక్కునేవారూ ఉన్నారు. రోజుకు 50 మిల్లీగ్రాముల జింక్ నెలల తరబడి మింగితే రక్తహీనత రావచ్చన్న సంగతి కొనేవారికీ అమ్మేవారికీ తెలియాలి.

జింక్ ఎక్కువైతే పేగు గోడ కణాల్లో మెటలోథయోనిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. అది జింక్ కన్నా రాగినే గట్టిగా పట్టుకుంటుంది. తిండిలోని రాగి అక్కడే చిక్కుకుని, ఆ కణాలు రాలినప్పుడు మలంలో పోతుంది. రాగి తగ్గితే ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము కదలదు, ఎర్రకణాలు సరిగా తయారుకావు. ఐరన్ మాత్రలు ఎన్ని వేసినా హిమోగ్లోబిన్ పెరగనిది అందుకే.

సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో హిమోగ్లోబిన్‌తో పాటు న్యూట్రోఫిల్స్ (ఒకరకం తెల్లకణాలు) కూడా మైక్రోలీటరుకు 1,500 కిందికి పడితే ఇనుము లోపమని సరిపెట్టుకోకూడదు. ఎంసీవీ (ఎర్రకణాల సగటు సైజు) చూసి తేల్చడం కుదరదు. రాగి లోపంలో అది తక్కువగానో, మామూలుగానో, ఎక్కువగానో ఉండొచ్చు. దీనికి కాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం తోడైతే అచ్చం బి12 లోపంలాగే కనిపిస్తుంది. మూలుగ పరీక్షలో మైలోడిస్‌ప్లాసియా అనే మూలుగ జబ్బుగా పొరబడే ప్రమాదమూ ఉంది. అంతదాకా వెళ్లకముందే సీరం కాపర్ (రక్తంలో రాగి), సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), జింక్, బి12 చూడాలి. జింక్ ఆపి, డాక్టరు చెప్పిన మోతాదులో రాగి ఇస్తే రక్తం సాధారణంగా కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో కోలుకుంటుంది. దెబ్బతిన్న నరాలు మాత్రం పూర్తిగా బాగుపడకపోవచ్చు. మా ఆందోళనంతా దీని గురించే. రాగి చెంబులో నీళ్లు తాగితే చాలనుకోవద్దు, అందులో ఎంత రాగి దిగుతుందో లెక్క ఉండదు.

పెద్దవాళ్లకు తిండి, మాత్రలు అన్నీ కలిపి జింక్ రోజుకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. డబ్బా మీద ‘ఎలిమెంటల్ జింక్’ అని రాసిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. 220 మిల్లీగ్రాముల జింక్ సల్ఫేట్‌లో అసలు జింక్ 50 మిల్లీగ్రాములు. మల్టీవిటమిన్‌లో ఉన్నదీ కలుపుకోవాలి.

ఇది చదివి భయంతో అన్నీ ఆపేయొద్దు. విరేచనాలైన పిల్లలకు 14 రోజులు ఇచ్చే జింక్ కోర్సు పూర్తి చేయాల్సిందే. గర్భిణులు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకూడదు, వాటిలో జింక్ లేదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవారికి రాగిని తగ్గించడానికే జింక్ రాస్తారు. వాళ్లు సొంతంగా ఆపితే ప్రాణం మీదకు వస్తుంది.

గుంటూరు, విజయవాడల్లోని మందుల షాపులవారికి మా విన్నపం ఒక్కటే. జింక్ అడిగినవారిని ‘ఎన్నాళ్ల నుంచి వాడుతున్నారు?’ అని అడగండి. నెలలు దాటితే డాక్టరు దగ్గరకు పంపండి. డాక్టరు దగ్గరకు వెళ్లేవారు ఇంట్లో వాడుతున్న సప్లిమెంట్లన్నీ, పొడులతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.

– రక్తపరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు,
కొత్తపేట, గుంటూరు