200 అని 50 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లు పంపారు, నా మాండరిన్ చేప ఆకలితో చనిపోయింది

కస్టమర్ కేర్ వాళ్లకు,

మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను, నాలుగుసార్లూ "మా టెక్నికల్ టీమ్ కాల్ చేస్తుంది" అన్నారు, ఎవరూ చేయలేదు.

మా ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి రీఫ్ (పగడాల) ట్యాంకు ఉంది, అందులో మూడేళ్లుగా ఒక మాండరిన్ చేప ఉండేది. అది పెల్లెట్లు ముట్టదు. పొద్దంతా రాళ్ల మీద తిరుగుతూ కోపెపాడ్‌లను, అంటే రొయ్య జాతికి చెందిన చిన్న చిన్న నీటి జీవులను, అదే మేం పాడ్స్ అంటాం కదా, వాటిని ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. జనవరిలో మీ దగ్గర 200 మైక్రాన్ల ఫిల్టర్ సాక్‌లు (నీళ్లు వడకట్టే గుడ్డ సంచులు; మైక్రాన్లు అంటే వాటి రంధ్రాల సైజు, వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) ఆర్డర్ పెట్టాను, బిల్లు మీద కూడా 200 అనే ఉంది. పెట్టిన వారానికే నీళ్లు అద్దంలా అయ్యాయి, సంతోషపడ్డాను. నెల తిరిగేసరికి రాత్రి టార్చి వేసి చూస్తే గ్లాసు మీద పాకే తెల్ల చుక్కలు ఒక్కటీ లేవు, మాండరిన్ పొట్ట లోపలికి పోయింది. మీకు ఫోన్ చేస్తే సాక్ గురించి ఒక్క మాట అడగకుండా "పాడ్స్ సీసా ఇంకొకటి పోయండి సార్" అన్నారు. మే నెల లోపు బతికున్న పాడ్స్ సీసాలు మూడు కొని పోశాను. మూడోది ఆ ఎండల్లో శనివారం నుంచి సోమవారం దాకా కొరియర్ ఆఫీసులోనే ఉంది, మూత తీస్తే కుళ్లు వాసన.

మే చివర్లో చేప చనిపోయింది. ఆ తర్వాత సాక్ ఉతుకుతుంటే కుట్టు లోపల ట్యాగ్ కనిపించింది: 50.

పాడ్స్ రాత్రిపూట రాళ్లలోంచి బయటికి వస్తాయి, నీటితో పాటు ఓవర్‌ఫ్లోలో పడి సంప్‌కి (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టికి) పోతాయి, దారిలో సాక్ ఉంటుంది. పెద్దవి మిల్లీమీటరు దాకా ఉంటాయి, అప్పుడే పుట్టినవి సుమారు 100 మైక్రాన్లు. 200 సాక్‌లో పెద్దవి చిక్కినా పిల్లలు జారిపోయి రెఫ్యూజియంలోని (పాడ్స్ చేపలకు చిక్కకుండా పెరిగే వేరే అరలోని) నాచులో పెరుగుతాయి, 50 సాక్‌లో తల్లీ పిల్లా రెండూ చిక్కుతాయి. ఇలాంటి జీవులను గుడ్డ ఆపుతుందన్నది మా జిల్లాలో పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. నారికురుపు (తాగే నీటితో సోకే గినియా పురుగు జబ్బు) ఉన్న రోజుల్లో మా అమ్మమ్మ దిగుడుబావి నీళ్లను చీర గుడ్డ మడతపెట్టి వడకట్టేది, ఆ జబ్బును మోసే సైక్లాప్స్ కూడా కోపెపాడే, గుడ్డ దాన్ని ఆపుతుంది. 2000లో మన దేశంలో ఆ జబ్బు పోయిందని ప్రకటించారంటే అలాంటి వడపోత పాత్ర అందులో చాలా ఉంది. అమ్మమ్మకు అవి గుడ్డలో ఆగాలి, నాకు ట్యాంకులో బతకాలి. ఇవే అమ్మే మీకు ఆ తేడా తెలియాలి కదా.

సాక్ వద్దని నేను అనట్లేదు. మిగిలిన మేత, చేపల రెట్ట కుళ్లి అమోనియా, నైట్రేట్ కాకముందే పట్టుకుంటుంది, మూడు నాలుగు రోజులకోసారి మార్చుకుంటే మంచి వస్తువే. ఎన్ని మైక్రాన్లో పెట్టె పైన పెద్ద అక్షరాల్లో రాయండి, పాడ్స్ మీద బతికే చేపలున్న ట్యాంకులో 50 పెట్టొద్దని కూడా రాయండి.

సాక్‌ల డబ్బు, మూడు సీసాల డబ్బు వెనక్కి ఇవ్వండి. బిల్లు, ట్యాగ్ ఫోటోలు జత చేశాను. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్, మహబూబ్‌నగర్